రెండంగుళాల మడత

షాజాదీ బేగం ఆరడుగుల బొగ్గుగని కార్మికుణ్ణి నాలుగంగుళాలు కుదించేసింది. కత్తి పట్టలేదు, కర్ర ఎత్తలేదు. మెడలో వేలాడే కొలత టేపు తీసింది, అంతే. మందమర్రిలో దీనికి సాక్షిని నేనొక్కణ్ణే. కాలనీలో ఎవరూ నమ్మరు. మంచిర్యాల దగ్గర గోదావరిలో మునిగి చెన్నూరు దగ్గర తేలానన్నప్పుడూ నమ్మలేదు కాబట్టి వాళ్లని నేను లెక్కచెయ్యను.

ఆమె మా పక్కింటి ఖాలా, అంటే పిన్ని. తొమ్మిదో తరగతిలో నేను బడి మానేశాను, ఆ దెబ్బకు బడి ఇప్పటికీ కోలుకోలేదు. అప్పటిదాకా నా యూనిఫాంలన్నీ కుట్టింది ఆమే. మహిళా సంఘం తరఫున ఏటా జూన్‌లో బడి వరండాలో స్టూలేసుకుని కూర్చుంటుంది. మిగతా టైలర్లు ఐదో తరగతికి ఒకటే సైజు కుట్టి పారేస్తారు. ఈమె ప్రతి పిల్లనూ పిల్లవాణ్ణీ నిలబెట్టి కొలిచి నోటుబుక్కులో రాసుకుంటుంది. ప్రతి నిక్కరుకూ కింద రెండంగుళాలు లోపలికి మడిచి కుడుతుంది. నడి ఏడాదిలో పిల్లలు పొడుగైతే తల్లులు వచ్చి ఆ మడత విప్పించుకుపోతారు. "పిల్లలు పెరుగుతరు, సర్కారు బట్ట పెరగదు" అంటుంది.

ఆమెకు ఎడమ చెవి వినపడదు. గని పేలుడులో పోయిందని కొత్తగా దిగిన కిరాయిదార్లకు నేను చెప్పాను. పులి గాండ్రింపుకు పోయిందని ఇంకొకరికి చెప్పాను. ఒక మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కిస్తూ అసలు సంగతి ఆమే చెప్పింది.

"ఎనిమిదేండ్లప్పుడు పాలు పొంగిచ్చిన. మామూ ఒక్కటిచ్చిండు."

"గంతేనా ఖాలా?"

"చెవి సంగతి గంతే."

మిగతాది నేను చూస్తూనే ఉన్నాను. మిషన్ ముందు ఎప్పుడూ ఒకే తీరుగా కూర్చుంటుంది, వీపు గోడకు, మొహం తలుపుకు. ఎడమ వైపునుంచి ఎవరైనా దగ్గరికొస్తే సూది వేలిలో దిగుతుంది. పొయ్యి మీద పాలుంటే పొంగు దిగేదాకా ఎవరితోనూ మాట్లాడదు. నలభై ఏళ్లయింది, ఆ మేనమామ పోయి కూడా ఇరవై ఏళ్లయింది. అట్లా కొట్టి పెంచితేనే ఇంత పనిమంతురాలైందని సంఘంలో ఒకావిడ మెచ్చుకుంది. "కొట్టకుంటే రెండు చెవులున్న టైలర్నైతుంటి" అంది షాజాదీ.

ఇక సన్నీ సంగతి. తల్లి లేదు వాడికి, తండ్రి సిద్దిరాములు గనిలో పని. ముందటేడు జూన్‌లో, నాలుగో తరగతి వరుసలో వాడి వంతు వచ్చింది. షాజాదీ మెడలోంచి టేపు సర్రున లాగింది. వాడు రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు. వరుసలో పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ కూర్చునే తీరు ఆమెకు బాగా తెలిసిందే.

అక్కడ ఆమె ఒక పొరపాటు చేసింది. మా దగ్గర అందరూ చేసేదే, మంచి మనసుతో చేసేదే. సాయంత్రం షిఫ్టు దిగి వస్తున్న సిద్దిరాములును ఆపి మర్యాదగా చెప్పింది.

"తమ్మీ, పిల్లగాడు మస్తు బెదురుతుండు. జర చూసుకో."

"చూసుకుంటనమ్మా" అని సిద్దిరాములు నవ్వాడు. ఆ తర్వాత నాలుగు రోజులు సన్నీ బడికి రాలేదు. జ్వరమన్నారు. జ్వరమే అనుకుంది.

మరుసటి జూన్‌లో మళ్లీ వాడి వంతు. ఈసారి టేపు మెల్లగా తీసింది. అయినా చేతులు తల మీదికి పోయాయి. ఛాతీ కొలిచింది, నడుము కొలిచింది, పాత నోటుబుక్కు తెరిచింది. అవే అంకెలు. వంగి నిక్కరు అంచు తిరగేసింది. తను వేసిన కుట్టు వేసినట్టే ఉంది. ఏడాదంతా ఆ రెండంగుళాల అవసరమే రాలేదు. నడుము కొలతకు చొక్కా కొద్దిగా పైకి జరిపింది. వీపు మీద బెల్టు వాతలు, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి.

"గిది నీ తప్పు కాదు బిడ్డా" అంది చొక్కా దించి.

"బాపుకు చెప్పకమ్మా. పోయినసారి నువ్వు చెప్పినంక..."

ఆమె పెన్ను కింద పెట్టింది. జ్వరం సంగతి అప్పుడర్థమైంది.

"మీ బాపుకు చెప్ప. ఈసారి వేరేటోళ్లకు చెప్త. నిన్ను కాపాడెటోళ్లకు. ఎవ్వరికీ చెప్పనని మాత్రం నీకు మాటియ్య."

వరుసలో ఇంకా ముప్పై మంది ఉన్నారు. టేపు స్టూలు మీద పెట్టి, సన్నీని వెంటబెట్టుకుని హెడ్మాస్టరమ్మ మమతారాణి గదిలోకి వెళ్లింది.

"ఇంటి లోపలి ముచ్చట కదా బేగం. రేపు తండ్రిని పిలిపిచ్చి మాట్లాడుదాం" అంది మమతారాణి.

"పిలిస్తే రాత్రికే మళ్ల కొడ్తడు మేడం. పోయినేడు నేను గదే చేసిన."

మమతారాణి సన్నీ వైపు చూసింది. ఫోను షాజాదీ వైపు జరిపింది. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు, 1098, గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసే ఉంది. ఆ గోడ కిందే నేను మూడేళ్లు గోడకుర్చీ వేశాను, ఎప్పుడూ చదవలేదు.

"పేరు?" అని అడిగారు అవతల.

"సన్నీ."

"వయసు?"

"పదేండ్లు. కొలతలు తొమ్మిదేండ్లయి."

సాయంత్రం బడి విడిచేలోపే ఇద్దరు అధికారులు వచ్చారు. వాడితో ఒంటరిగా మాట్లాడారు, డాక్టరుకు చూపించారు. ఆ రాత్రి వాడు ఇంటికి పోలేదు. కొన్నాళ్లకు జైనూర్‌లోని అమ్మమ్మ తారాబాయికి అప్పగించారు. తండ్రి మీద కేసయింది.

మూడో రోజు సిద్దిరాములు షాజాదీ ఇంటికొచ్చాడు. నేనప్పుడు ప్యాంటు జిప్పు వేయించుకోను అక్కడే ఉన్నాను. ఆమెకు రక్షణగా వెంటనే నిలబడ్డాను, మిషన్ వెనకాల.

"నా కొడుకు, నా ఇల్లు. నడుమ నువ్వెవ్వతివే?" అన్నాడు. తల గుమ్మానికి తగులుతోంది.

"కొలతలు తీసుకునేదాన్ని" అంది ఆమె.

"కేసు వాపస్ తీసుకుంటవా లేదా?"

అప్పుడే ఆమె టేపు తీసింది. కొట్టడానికి కాదు, లేచి మాట్లాడాలంటే అది మిషన్ చక్రంలో చిక్కుకుంటుందని. సర్రుమంది. సిద్దిరాములు రెండు చేతులూ తల మీదికి పోయాయి, మెడ భుజాల్లోకి దిగింది. ఆరడుగుల మనిషి. అచ్చం సన్నీ లాగానే.

చక్రం తిరిగి తిరిగి ఆగింది. ఆయన తన చేతుల్ని తనే చూసుకున్నాడు. పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎవలు కొట్టిండ్రు తమ్మీ?"

"మా బాపు." మళ్లీ తనే అన్నాడు. "గట్ల కొడ్తెనే నేను మనిషినైన అనుకున్ననమ్మా."

"నాకు చెవి పోయింది. నీకు చేతులు లేస్తున్నయి. పిల్లగానికి ఏం మిగిలిద్దామనుకున్నవ్?"

ఆయన "ఇగ కేసు?" అన్నాడు, ఈసారి మెల్లగా.

"నీ మీద జాలి ఉన్నది. కేసు గూడ ఉన్నది. సార్లు చెప్పిన కౌన్సిలింగుకు పో. వాళ్లు పొమ్మన్ననాడే కొడుకును చూడ పో."

పోతున్నాడు. ప్రతి గురువారం మంచిర్యాల బస్సెక్కడం నేను చూస్తున్నాను. మారాడా అంటే నాకు తెలియదు. కొడుకును చూడటానికి మాత్రం ఇంకా పొమ్మనలేదు.

మొన్న ఫిబ్రవరిలో తారాబాయి సన్నీని తీసుకుని వచ్చింది, నిక్కరు పొట్టిదైందని. షాజాదీ టేపు తీసింది. వాడి చేతులు చెవులదాకా లేచి ఆగాయి. ఆగినందుకు ఏం చెయ్యాలో తెలియక జుట్టు గోక్కున్నాడు. ఆమె కొలిచి, అంగుళన్నర మడత విప్పింది. పాత గీత బట్ట మీద ఉండిపోయింది, మూడుసార్లు ఇస్త్రీ చేసినా పోలేదు. మిగిలిన అరంగుళం మళ్లీ మడిచి కుట్టింది.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను, కుడి చెవి వైపు కూర్చుని. దారం పళ్లతో తెంపి ఆమె అన్నది ఇది:

"గాయన కుదియలే. స్టూలు మీద కూసున్నడు, కూసుంటె ఎవలైనా పొట్టిగనే కనవడ్తరు. నేను ఫోన్ చేసింది గూడ ఏడాది లేటు. ముందుగాల గది రాయి."