జమాల్ బాషా ఐదో బోరు

బుక్కరాయసముద్రంలో జయంతి ట్యూషన్ బట్టీకి పెట్టింది పేరు. తనూ బట్టీ పట్టే డిగ్రీ గట్టెక్కింది కాబట్టి, పదకొండేళ్లుగా వరండాలో చాప పరిచి పిల్లలకు అదే విద్య నేర్పుతోంది. ఈ ఏడు బడివాళ్లు కొత్త ప్రశ్న ఒకటి తగిలించారు: ‘నీ అభిప్రాయం రాయుము.’ మొదటిరోజు పద్దెనిమిది మంది పిల్లలూ ఒకే ముక్క రాశారు: ‘మేడం అభిప్రాయమే నా అభిప్రాయం.’

జయంతి తల పట్టుకుంది. చివరికి తిండి మీదికి దిగింది.

“ఉగ్గాని మేలా, ఉప్మా మేలా?”

“ఉగ్గాని!” వరండా రేకులు అదిరాయి.

“ఎందుకప్పా?”

“బజ్జీ నంజుకోవచ్చు!”

“రుజువేది?”

“మా బండి కాడ ఉగ్గాని ఎనిమిదికే అయిపోతాది మేడం. ఉప్మా మిగిలితే మేమే తినాల,” అంది టిఫిను బండివాళ్ల సారా, ఏడుపు మొహంతో.

అంతే, అభిప్రాయానికి మూడు కాళ్లని జయంతి తేల్చేసింది: మాట, కారణం, రుజువు. మీ ఇంటి సంగతే రాసి, నాయనకు చూపించి రమ్మంది.

మర్నాడు సాయంత్రం ట్యూషన్ పిల్ల తబస్సుమ్‌తో పాటు వాళ్ల నాయన జమాల్ బాషా కూడా నోటుబుక్కు పట్టుకొని దిగాడు. జయంతి మొగుడు జయరాముడు అప్పటికే లోపల టెంకాయలు ఏరుతున్నాడు. బోరు పాయింట్లు చూడటం అతని పని. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరుగుతాడు. అది ఎక్కడ నిటారుగా లేస్తే అక్కడ నీళ్లు. రేపు జమాల్ బాషా చేన్లో ఐదో బోరుకు పాయింటు. బోరు వేసే రిగ్గు కూడా మాట్లాడేశారు.

“చూడు జయంతమ్మా, నాకు సదువు రాదు. పాప చదివి వినిపించింది. కరెక్టయితే టిక్కు పెట్టు, బోరు నిలిపేస్తా. తప్పయితే ఇంటూ కొట్టు, రేపే వేయిస్తా.”

జయంతి చదివింది. ‘మా నాయన ఐదో బోరు వేయకూడదు. కారణం: నాలుగు బోర్లలోనూ దుమ్మే వచ్చింది. రుజువు: నాలుగింటికీ పాయింటు పెట్టిన జయరామ్ మామ ఇంట్లోనే ట్యాంకరు నీళ్లు పట్టుకుంటారు.’

టిక్కు పెడితే మొగుడి పేరు ఊళ్లో దుమ్ము. ఇంటూ కొడితే ఈ పద్దెనిమిది నోళ్లూ మళ్లీ తెరుచుకోవు.

“ఏమే, ఆలోచిస్తాండావా? ఇంటూ కొట్టు!” జయరాముడు గడపలోకొచ్చాడు. “కింద నీళ్లుండాయి. రిగ్గోడు లోతుకు పోలేదు, అంతే.”

“వెయ్యి అడుగులు పోయినారు మామా,” అంది తబస్సుమ్. “ఇంగా పోతే పక్క దేశంలో తేల్తారు.”

“ఏమయ్యా, నువ్వు గూడా మూడూ చెప్పు,” అంది జయంతి.

“చెప్తా. మాట: నీళ్లు పడతాయి. కారణం: టెంకాయ లేస్తాది. రుజువు...” అతని చూపు వాకిట్లో ట్యాంకరు కోసం వరసగా పెట్టిన నీలం డ్రమ్ముల మీద ఆగిపోయింది. “రుజువుకు కొంచెం టైం కావాల.”

“పరీక్షలో ఇయ్యరు మామా,” అంది సారా జాలిగా.

జయంతి ఎర్రపెన్ను తీసింది. టిక్కు పెట్టి పదికి తొమ్మిది వేసింది.

“ఒక మార్కు యాడికి పోయింది మేడం?” అంది తబస్సుమ్.

“మీ ఇంటి సంగతి రాయమంటి, మా ఇంటిది కాదు.”

జయరాముడు విసురుగా లోపలికి పోయాడు. జమాల్ బాషా ఫోను తీశాడు. “అన్నా, రేపు రిగ్గు తేవద్దు.” అవతలాయన ఎందుకని నిలదీసినట్టున్నాడు. జమాల్ బాషా ఫోను కూతురి చేతిలో పెట్టాడు.

“నువ్వే చెప్పు పాపా. నిదానంగా, మూడూ చెప్పు.”