జాడీలు ఉండొచ్చు, గ్వాట్ నియో ఉండకూడదు

మూడో వాయికి సోయా సాసు కుళ్లకుండా నిలిచింది. జావా దీవిలోని మా లాసెం చీనాపేటలో అంతవరకు ఏ ఆడదీ సాధించని పని అది. సాధించింది లియెమ్ గ్వాట్ నియో. ఉప్పునీళ్లలో ఊరే సోయా గింజలకు నెలల తరబడి ఎండ కావాలి. డచ్చి దొర గీసిన గీత దాటకుండా ఇంటి మీద ఇల్లు కుక్కిన మా పేటలో మిట్టమధ్యాహ్నం కూడా ఎండ నేల తాకదు. మొదటి రెండు వాయిలూ బూజుపట్టి వీధంతా కంపు కొట్టాయి. అప్పుడామె జాడీలను కొండ కింది జావావాళ్ల పల్లెలో, సార్తి అనే వితంతువు పెరట్లో పెట్టింది. అక్కడి సాసు మూడు రేవుల్లో పేరు తెచ్చుకుంది. పేటలో మొగుడు పోయిన ఆడవాళ్లందరికీ గింజలు ఉడకబెట్టే పని నేర్పి, వాళ్ల పొయ్యిలూ వెలిగించింది. దొర బల్ల మీదికి కూడా ఆ సాసు ఎక్కింది. ఎక్కదూ మరి!

చట్టం కంపు ముందు ఆ బూజు కంపు ఏపాటి? చీనావాళ్ల జాడీ ఆ పల్లెలో ఏడాదంతా ఉండొచ్చు. చీనా మనిషి మాత్రం కచేరీ చీటీ పట్టుకుని వెళ్లి, చీకటిపడేలోగా గంప కిందికి కోడి దూరినట్టు పేట గేటులో దూరాలి.

1893 ఫిబ్రవరి మొదట్లో ఓ సాయంత్రం ఆమె పల్లె నుంచి పేటకు బయల్దేరబోతుంటే కొండ మీద మబ్బు కమ్మింది. జాడీల మూతలన్నీ తీసే ఉన్నాయి. వాన పడితే ఏడాది చాకిరీ మట్టిపాలు.

"నువ్వు పో తల్లీ, గేటు వేసేస్తారు. మూతలు నేను చూసుకుంటాలే," అంది సార్తి.

"ఆ నడుముతోనా అక్కా? మూతతోపాటు నువ్వూ జాడీలో పడతావు. నిన్ను ఊరబెట్టి అమ్ముకోమంటావా?"

నవ్వుకుంటూనే ఇద్దరూ మూతలేశారు. ఆమె తడిసి ముద్దయి వచ్చేసరికి గేటుకు తాళం. పక్కన పేటపెద్ద తాన్ పింగ్ లోక్, ఆమెకు సొంత మేనత్త కొడుకే, దొర ఇచ్చిన వెండిపిడి కర్రతో.

"దారి తప్పానని చెప్పు గ్వాట్. పొద్దున్నే దొరగారి కాళ్లు పట్టుకుందాం."

"తప్పలేదు బావా. వానొచ్చింది, మూతలేశాను. మీ ఇంట్లో నంజుకునే సాసు ఆ జాడీలదే."

"చట్టం ఉంది కదే..."

"చట్టం నీది కాదు. ఆ కర్రా నీది కాదు."

మర్నాడు దొర ఆమెకు వకీలు లేకుండా, నోరెత్తనివ్వకుండా నాలుగు వారాల జైలు శిక్ష వేశాడు. ఆమె సాసు లేనిదే ఆ దొర నోటికి మాంసం దిగదు. థూ! మా చీనా కొత్త సంవత్సరం నాడు కూడా జైల్లో ఆమె చేత వడ్లు దంచించారు.

మబ్బు కనబడితే చాలు, సార్తి ఇరుగుపొరుగును కేకేసి మూతలేయిస్తోంది. ఒక్క జాడీ చెడలేదు. వడకట్టే వేళ దాటుతున్నా, మొదటి గరిటె ముంచాల్సింది గ్వాట్ నియోనే అని భీష్మించుకుంది. ఆమె జైలు నుంచి వచ్చేది మార్చి మూడు, శుక్రవారం.