నీళ్లు పోసిన గడి

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, ఉద్యాన అధికారినైన నాకు అదనపు బాధ్యత ఒకటి అప్పగించారు. వరంగల్ శివార్లలోని మడికొండలో కొత్తగా కట్టిన ఒక కార్యాలయంలో నలభై జేడ్ మొక్కలు పెట్టారు. వాటి బాగోగులు నేను చూడాలి. సర్వీసంతా మామిడి, మిర్చి రైతుల మధ్య తిరిగినవాణ్ణి. కుండీల్లోని జానెడు మొక్కలకు కూడా ఒక అధికారా అని మనసులో విసుక్కున్నాను.

జేడ్ నిదానంగా పెరుగుతుంది. మందపాటి ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది. కిటికీ పక్క వెలుతురు, ముతక ఇసుక బాగా కలిపిన మట్టి, అడుగున రంధ్రమున్న కుండీ ఉంటే చాలు. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు పోయాలి. వానాకాలంలో నెలకోసారి పోసినా బతుకుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి చేసిన తప్పే ఇది.

మొక్కల పని చూసే కొమురమ్మకు ఒక రిజిస్టర్ కావాలన్నారు. కొత్తది తయారుచేసే ఓపిక లేక, మా నర్సరీలో రోజూ తడపాల్సిన మిర్చి నారుకు వాడే ఫారాన్నే జిరాక్స్ తీయించి పంపాను. తేదీ, నీళ్లు పోసిన సమయం, సంతకం. మూడే గడులు. ఆ తర్వాత అటువైపు వెళ్లనే లేదు.

నెల తిరక్కుండానే ఫోన్ వచ్చింది. ఆకులు పసుపెక్కి, ముట్టుకుంటే రాలుతున్నాయట. కొమురమ్మ నిర్లక్ష్యమే కారణమని, ఆమెను తీసేయడానికి నా నివేదిక ఒక్కటే తక్కువని పనివాళ్లను పంపే ఏజెన్సీ సూపర్‌వైజర్ చెప్పాడు. ఆమె యాభై దాటిన మనిషి. ఈ పని పోతే మళ్లీ ఎండలో కూలికి పోవాల్సిందే.

వెళ్లి ఒక మొక్కను కుండీలోంచి తీసి చూశాను. వేర్లు నల్లబడి కంపు కొడుతున్నాయి. కాండం మొదట్లో మెత్తబడింది. నీళ్లు ఎక్కువైతేనే ఇలా అవుతుంది. ఎన్నాళ్లకోసారి పోస్తున్నావని కాస్త గట్టిగానే అడిగాను.

“దినాం పోసిన సారూ. మట్టి తడిగనే ఉంటాంది, వద్దనే అనిపిచ్చింది. గడి ఖాళీ ఉంటే ఆనాడు పని చెయ్యనట్టే అన్నడు సూపర్‌వైజరు. చెట్టేమో వద్దంటాంది, కాయితమేమో పొయ్యమంటాంది. నేను ఎవ్వలి మాటినాలె?”

రిజిస్టర్ తెప్పించి చూశాను. ఒక్క గడీ ఖాళీ లేదు, ఆదివారాలు కూడా. నాకు తల కొట్టేసినట్టయింది.

తప్పు ఫారానిది, ఫారం నాది అని నివేదికలో రాసి సంతకం పెట్టాను. సంజాయిషీ అడుగుతూ పైనుంచి మెమో వచ్చింది. నా సర్వీసులో అదే మొదటిది. కష్టంగానే అనిపించింది. కొమురమ్మ పని మాత్రం నిలిచింది.

ఇద్దరం కలిసి కుళ్లిన భాగాలు కోసేసి, మంచి కొమ్మలను వారంపాటు నీడలో ఆరబెట్టాం. కోసిన చోట పొర కట్టాక పొడిమట్టిలో నాటి, మరో వారం చుక్క నీరు పోయలేదు. సగం దాకా బతికాయి. ఫారంలో ‘నీళ్లు పోసిన సమయం’ కొట్టేసి ‘మట్టి చూసినది: తడి, పొడి’ అని పెట్టాను. రోజూ వేలు గుచ్చి చూడాలి, ఉన్నది రాయాలి. పొడిగా ఉంటేనే నీళ్లు.

రెండు నెలల తర్వాత తనిఖీకి వెళ్లాను. ఇవాళ నీళ్లు పోశావా అని సూపర్‌వైజర్ నా ముందే ఆమెను అడిగాడు. కొమురమ్మ మట్టి అంటిన వేలు చూపించింది.

“పొయ్యలే. పనైతే చేసిన.”

నేను నేర్చుకున్నది ఇంతే. ఇలాంటి మొక్కకు చాలా రోజులు చూసి ఊరుకోవడమే సంరక్షణ. ఊరుకున్న రోజును రాసుకోవడానికి గడి లేకపోతే, మనిషి తన కొలువు కాపాడుకోవడానికి మొక్కను చంపుతాడు.