తరుగు తీసిన తూకం

మొన్నామధ్య మా నరసరావుపేటలో, నేను రోజూ పొద్దున్నే టీ తాగే బంకు ఎదురుగా, మేడంత ఎత్తున మా తమ్ముడి సన్మానం ఫ్లెక్సీ కట్టారు. ఎర్ర గ్లౌజులు రెండూ గడ్డం కింద పెట్టుకొని, ముప్ఫై ఏళ్ల నాటి కండలతో, సెంటరంతా తన సొంతమన్నట్టు చూస్తున్నాడు వాడు. కింద వరసలో, స్వాగతం పలికే పెద్దల బొమ్మల మధ్య, తపాలా బిళ్ల అంత నా మొహం కూడా ఉంది. దాని కింద ‘సోదరుడు’ అని మాత్రం వేశారు, పేరుకు చోటు చాల్లేదట. టీ బంకు అతను గ్లాసు కడుగుతూనే, బాక్సర్ గారి అన్నయ్యకు చక్కెర తక్కువ అని లోపలికి కేకేశాడు. ఈ ఊళ్లో నలభై ఏళ్లు దాణా కొట్టు నడిపినవాణ్ణి, నా దగ్గర తవుడూ తెలకపిండీ కొనని గేదెలవాడు లేడు, అయినా నాకంటూ ఒక పేరు మిగల్లేదు. ఆ పూట టీ చేదుగానే దిగింది.

నా ఈడు వాళ్ల దగ్గర దాపరికం ఎందుకు? మా తమ్ముడంటే నాకు కుళ్లు. ప్రేమ లేదని కాదు, ప్రేమ ఉంది, దాని పక్కనే కుళ్లూ ఉంది, రెండూ ఒకే ఇంట్లో వేరు కుంపట్లు పెట్టుకున్న తోడికోడళ్లలాగా ఇన్నేళ్లూ గడుపుకొచ్చాయి. వాడు నాకంటే రెండేళ్లు చిన్న. సైన్యంలో చేరి పతకాలు తెచ్చాడు, ఆ తర్వాత పదకొండేళ్లు ప్రొఫెషనల్ హెవీ వెయిట్ బాక్సరుగా దేశాలు తిరిగాడు. అయితే వాడి చేతికి మొట్టమొదట గ్లౌజు తొడిగింది నేను. ఆ సంగతి ఏ ఫ్లెక్సీ మీదా రాయరు.

మా నాన్నది దాణా వ్యాపారం. కొట్టు ముందు బస్తాలు తూచే ఇనుప కాటా ఒకటి ఉండేది. నాదెండ్ల నుంచీ వినుకొండ వైపు నుంచీ రైతులు బళ్ల మీద కందులో పత్తిగింజలో తెస్తే, నాన్న బస్తాను ఆ పలక మీద పెట్టించి, కమ్మీ మీద గుండు అటూ ఇటూ జరిపి, అంకె గట్టిగా పలికేవాడు. ఆ పలికేది కాటా చూపించిన అంకె కాదు. గోనెకు కిలో, దుమ్ముకు అరకిలో మనసులోనే తీసేసి మిగిలింది చెప్పేవాడు. దాన్నే తరుగు అంటారు, బజారు కట్టుబాటు అది. రైతులు గొణుక్కుంటూనే ఒప్పుకునేవారు. ఆ బస్తాలు దించీ ఎత్తీ మా అన్నదమ్ములిద్దరికీ ఇరవై ఏళ్లు నిండేసరికే భుజాలు దున్నపోతుల్లా తయారయ్యాయి.

ఆ భుజాలు చూసే మా కాలేజీ డ్రిల్లు మాస్టారు నన్ను పట్టుకున్నాడు. ఆయన ఒకప్పుడు సైన్యంలో బాక్సింగు చేసినవాడు. పాడుబడ్డ మిల్లు గోదాములో నాలుగు వెదురు గుంజలు పాతి, చుట్టూ మోకు కట్టి, రంపపు పొట్టు కూరిన గోనెసంచి ఒకటి దూలానికి వేలాడదీసి, అదే బాక్సింగు బడి అన్నాడు. ఉన్నవి రెండే జతల గ్లౌజులు, వాటికీ చెమట కంపు. ఆరు నెలలు ఒంటరిగా ఆ సంచిని బాదాక, ఎదురు నిలబడేవాడు లేక విసుగెత్తి, నేనే మా తమ్ముణ్ణి చెయ్యి పట్టుకొని తీసుకెళ్లాను. నా చేత్తో నేనే కంట్లో కారం కొట్టుకున్నానని అప్పుడు తెలియలేదు.

మొదట్లో వాణ్ణి బాగానే వాయించాను. ముక్కు పగిలితే కొట్టు వెనక కూర్చోబెట్టి, అమ్మకు తెలియకుండా తడిగుడ్డ పెట్టేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి వాడి ఎడమ చెయ్యి ఎటు నుంచి వస్తోందో నాకు అంతుపట్టడం మానేసింది. ఇంకొన్నాళ్లకు అంతకంటే చెడ్డ సంగతి ఒకటి కనిపెట్టాను. నా దవడ దాకా వచ్చిన వాడి పిడికిలి అక్కడ బరువు తగ్గించుకొని, ఊరికే అలా తగిలి వెనక్కి పోతోంది. వాడు నన్ను కొట్టడం లేదు, కొట్టినట్టు చేస్తున్నాడు. ఓడినా బాధపడేవాణ్ణి కాదేమో గాని, ఆ జాలి మాత్రం నన్ను కాల్చేసింది. అన్నం తింటున్నప్పుడు కూడా వాడి చేతి వంకే చూసేవాణ్ణి.

అంతలో గుంటూరులో జిల్లా పోటీలని కబురొచ్చింది. నెగ్గినవాడు రాష్ట్రానికి వెళ్తాడు, అక్కడ కనబడితే సైన్యంలో ఉద్యోగం ఖాయమని మాస్టారు ఊరించాడు. దాణా కొట్టు దాటి నేను బతకడానికి కనబడిన ఒకే ఒక్క దారి అది. నాన్న కొట్టు కట్టేసే వేళ కాటా మీద ఎక్కమని, నన్ను డెబ్భై ఎనిమిది అన్నాడు, తమ్ముణ్ణి ఎనభైన్నర అన్నాడు. డెబ్భై అయిదు పైన, ఎనభై ఒకటి లోపు వాళ్లందరిదీ ఒకే తరగతి. అంటే మేమిద్దరం ఒకే తరగతి, తరగతికి ఒక్కడే రాష్ట్రానికి వెళ్లాలి. అక్కడ జనం ముందు మీరిద్దరూ తేల్చుకోండని మాస్టారు నవ్వుతూ చెప్పి వెళ్లిపోయాడు. నాకు మూడు రోజులు నిద్ర పట్టలేదు.

మా మాస్టారు ఎప్పుడూ అనే మాటొకటి ఉండేది, బరువు ఎక్కువైతే మూటా ముల్లే సర్దుకొని ఇంటికే అని. ఆ మాట పట్టుకొని నా బుద్ధి పెడదారి పట్టింది. పోటీ రోజు పొద్దున్నే మొదటి బస్సుకు గుంటూరులో దిగాం. తూకం పది గంటలకు. మాస్టారు మా పేర్లు రాయించడానికి లోపలికి వెళ్లాడు. అమ్మ మా ఇద్దరికీ కట్టిచ్చిన పెరుగన్నం క్యారేజీ నా చేతిలో ఉంది. అరకిలో అటూ ఇటూ అయినా చూసీ చూడనట్టు వదిలేస్తారనీ, ఖాళీ కడుపుతో దిగితే కళ్లు తిరుగుతాయనీ నోటికొచ్చిన అబద్ధాలన్నీ ఆడి, మైదానం గోడ పక్కన వాణ్ణి కూర్చోబెట్టి, ఊరగాయ నంజుకోమని, నా వాటా కూడా కలిపి ముద్దలు చేసి చేతిలో పెట్టాను. ఆపైన నాలుగు అరటిపళ్లు, రెండు గ్లాసుల మజ్జిగ. వాడు నా మొహంలోకి చూసి నవ్వుతూ అంతా తిన్నాడు. అన్న ఎంత ప్రేమగా పెడుతున్నాడోనని అటు వెళ్లే ముసలమ్మ ఎవరో ముచ్చటపడింది కూడా.

తూకం దగ్గర వాడు ఎనభై మూడుకు పైన తూగాడు. పని అయిపోయిందనుకున్నాను. అయితే బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి కళ్లద్దాలు సవరించుకొని, పై తరగతి హెవీ వెయిట్‌లో జిల్లా మొత్తం మీద ఒక్క పురుగు కూడా లేదు, ఈ పిల్లోణ్ణి అందులో రాసెయ్యండి మాస్టారూ అన్నాడు. రాసేశారు. దెబ్బ తినకుండా, దెబ్బ కొట్టకుండా, కడుపు నిండా పెరుగన్నంతో మా తమ్ముడు జిల్లా ఛాంపియన్ అయ్యాడు. నా తరగతిలో నేను మొదటి ఆటలోనే, రెండో రౌండులో, తెనాలి కుర్రాడి చేతిలో వెల్లకిలా పడ్డాను. లేచేసరికి నా తల ఒళ్లో పెట్టుకున్నది మా తమ్ముడే.

ఆ తర్వాతి కథ పేపర్లు రాశాయి. హైదరాబాదులో తనకంటే ఎత్తయిన ఇద్దరిని పడగొట్టాడు, సైన్యం వాణ్ణి పుణె తీసుకెళ్లింది, తొంభై ఆరు కిలోల మనిషి అయ్యాడు. సైన్యం నుంచి బయటికొచ్చాక, ఈ దేశంలో ప్రొఫెషనల్ బాక్సింగు అంటే అర్థం తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే ఉన్న రోజుల్లో, బొంబాయిలో, మద్రాసులో, బ్యాంకాక్‌లో, నైరోబీలో ఎనిమిదేసి, పదేసి రౌండ్లు కొట్టుకున్నాడు. రిఫరీ చెయ్యి పైకెత్తిన ఫొటో పేపర్లో పడితే, నాన్న దాన్ని కత్తిరించి గల్లాపెట్టె మీద అంటించేవాడు. బేరానికొచ్చిన ప్రతి రైతుకూ ముందు ఆ ఫొటో చూపించి, తర్వాత గింజలు చూసేవాడు. ఆ గల్లా దగ్గర పొద్దస్తమానం కూర్చునేది నేను, చిల్లర తియ్యడానికి వంగినప్పుడల్లా వాడి మొహమే ఎదురయ్యేది. కళ్లల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

బ్యాంకాక్‌లో వాడి ఆఖరి ఆట ఎనిమిదో రౌండు దాకా వాడిదేనట. అప్పుడు ఎడమ కనుబొమ్మ చీలి, రక్తం కంట్లోకి దిగి, రిఫరీ ఆట ఆపేశాడు. ఎదురు మందుల షాపుకు ఫోనొచ్చింది, నేనే వెళ్లి విన్నాను. ఓడిపోయాడన్న మాట చెవిన పడగానే నా మనసులో ఒక మూల చల్లబడింది. ఆ చల్లదనాన్ని ఈ జన్మకు మరచిపోలేను. ఆ వెనకే, ఆ కంటికి చూపు సగం పోవచ్చని చెప్పారు. కొట్టులోకి తిరిగొచ్చి నాన్నకు ఆ మాట చెప్పలేక, తవుడు బస్తాల చాటున కూర్చొని ఏడ్చాను. ఆ ఏడుపు సగం వాడి కంటి కోసం, సగం నా నీచత్వం చూసి.

ఇన్నేళ్ల కడుపుమంటలోనూ నాకు దొంగచాటు ఓదార్పు ఒకటి ఉండేది. ఆ రోజు నేను ఆ పెరుగన్నం పెట్టకపోతే వాడు నా తరగతిలోనే ఉండేవాడు, నన్ను కొట్టినా ఆ పైన ఎవడో ఒకడి చేతిలో ఓడి ఇంటికొచ్చేవాడు. వాడి హెవీ వెయిటు నా చలవే. పాపమైతే అయింది గాని, వాడి పేరులో నాకూ ఒక వాటా ఉంది. ఎవరికీ చెప్పుకోలేని ఈ వాటాను నమ్ముకొని నలభై ఏళ్లు నెట్టుకొచ్చాను.

మొన్న టౌన్‌హాల్లో వాడికి శాలువాలు కప్పారు. మైకు ఇస్తే వాడు పతకాల ఊసే ఎత్తలేదు. జిల్లా పోటీల పొద్దున మా అన్న తన చేత్తో అన్నం కలిపి పెట్టాడు, ఆ అన్నం అరిగేదాకా నేను ఎవరికీ ఓడకూడదనుకున్నానని చెప్పాడు. జనం అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. కాళ్ల కింద నేల చీలితే బాగుండునని ఎదురుచూశాను. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరమే భోజనాలకు కూర్చున్నప్పుడు ఇక ఆగలేక, ఆ అన్నం ఎందుకు పెట్టానో చెప్పేశాను. తప్పో ఒప్పో, చివరికి నా వాటా నాకు దక్కాలన్న ఆశ కూడా అందులో లేకపోలేదు.

వాడు ముద్ద నోట్లో పెట్టుకొని, మింగి, నీళ్లు తాగి, తీరిగ్గా నవ్వాడు.

“అన్నా, నాన్న నోట ఏనాడన్నా తరుగు తియ్యకుండా అంకె వచ్చిందా? అమ్మ కాటా ఎక్కినా కిలోన్నర తీసే గదా చెప్పేవోడు. ఎనభైన్నర అనంగానే నాకు అనుమానమొచ్చింది. మర్నాడే మనూరి రైలు స్టేషన్లో ఆ రంగు బల్బుల తూకం మిషను మీదెక్కి పావలా బిళ్లేసి చూసుకున్నా. ఎనభై రెండు.”

ఎప్పుడో నేర్చుకున్న లెక్క అప్పుడు నాకు అర్థమైంది. గోనె లేదు, దుమ్ము లేదు, ఉన్నవాళ్లు కన్నకొడుకులు, అయినా నాన్న అలవాటు కొద్దీ మా ఒంట్లోంచి కూడా తరుగు తీసి పలికాడు. ఆ కొట్టులోనే పుట్టి పెరిగి, రోజుకు వంద బస్తాలకు తరుగు తీసే నాకు ఆ సంగతి తట్టనే లేదు. మరి ముందే ఎందుకు చెప్పలేదురా అని అడిగాను.

“చెప్తే మాస్టారు రెండు రోజులు మాడ్చి, ఉరికించి, నన్ను దించేవోడు. అప్పుడు నీతోనే కొట్టుకోవాల. నాకేమో నీ మీదకి చెయ్యి లెగవదాయె. బరువెక్కువైతే నిజంగా ఇంటికేనా, పైదాంట్లో రాస్తారా అని మాస్టారుని మాటల్లో పెట్టి ముందే తెలుసుకున్నా. నువ్వు పెట్టకపోతే ఏ హోటల్లోనో కూర్చొని తినేవోణ్ణి.” కంచం వంక చూస్తూ అన్నాడు, “నువ్వెందుకు పెట్టావో అప్పుడే తెలుసులే అన్నా. చానా ఆకలేసింది, తిన్నా. అన్నం అన్నమే గదా.”

ఈ మాట విన్న ఏ అన్నయినా కరిగి నీరైపోవాలి. నేనూ కరిగాను, కాదనను. కాని అంతకంటే ముందు, ఒక్క క్షణం ముందు, భగ్గున మండాను. బలంలో వాడే పైన, పేరులో వాడే పైన, సరే. నా కోసం పక్కకు తప్పుకున్న మంచితనంలో కూడా వాడే పైనా? నలభై ఏళ్లుగా నాదనుకున్న ఆ ఒక్క పాపం కూడా నాది కాదని, నేను చేసినా చెయ్యకపోయినా ఒకటేనని తేలిపోయాక, వాడి కథలో ఇక నేనెక్కడున్నట్టు?

ఈ కాలం పిల్లలు ఇలా రగిలిపోరు. మా మనవలు ఇద్దరికీ వేరు గదులు, వేరు ఫోన్లు, ఒకడికి ఏ ఆటలో బహుమతి వచ్చిందో రెండోవాడికి నెల తర్వాత తెలుస్తుంది. చక్కగా, మర్యాదగా పెరుగుతున్నారు, చూసి సంతోషించాల్సిందే. మేము ఒకే చాప మీద పడుకొని, ఒకడి చొక్కా ఒకడు తొడుక్కొని, ఒకడి ముక్కు ఒకడు పగలగొట్టి పెరిగాం. అంత దగ్గరగా బతికినందువల్లే అంత కుళ్లు పుట్టిందేమో. అది లేని ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది గాని, నాకెందుకో అందులో తోచదు.

వాడు తను కాపురముండే పుణెకు తిరిగి రైలెక్కే రోజు సాయంత్రం ప్లాట్‌ఫారం మీద ఇద్దరం కూర్చున్నాం. వాడికి ఎడమవైపు సరిగా కనబడదు గనుక నేను కుడివైపు కూర్చున్నాను. సిగ్గు విడిచి అడిగేశాను, ఒరేయ్, ఆ రోజు గుంటూరులో నిజంగా తలపడి ఉంటే ఎవరు గెలిచేవాళ్లంరా అని. వాడు ఆలోచించనైనా లేదు, నువ్వే అన్నా అన్నాడు. అబద్ధమని మా ఇద్దరికీ తెలుసు. ఒకప్పుడైతే ఆ అబద్ధానికి వాడి చొక్కా పట్టుకునేవాణ్ణి. మొన్న మాత్రం, రైలు కూతలో సరిగా వినపడలేదని చెప్పి, ఇంకోసారి అనిపించుకున్నాను.