కసియాన్ నవ్వు దొరకలేదు

మొజొకెర్తొ ఊరి చుట్టుపక్కల లుద్రుక్ నాటకాలు చూసిన వయసువాళ్లెవరినైనా కసియాన్ గురించి అడగండి. ముందు నవ్వుతారు, ఆ తర్వాతే చెబుతారు. పగలు ఆయన కాలువల ఆఫీసులో అటెండరు. శనివారం వస్తే స్టేజీ మీద ఇంటి నౌకరు వేషం. యజమానురాలు తిడుతున్నా, దొంగ దాక్కున్న పెట్టె మీదే కూర్చుని అన్నం తింటున్నా, ఆయన ముఖం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉండేది. జనం బెంచీల మీంచి జారిపడేవారు.

ఆ ముఖం పుట్టుకతో వచ్చింది కాదు. కొత్తలో ఒకసారి తన మాటకు తనే ఫక్కున నవ్వేశాడు. ట్రూపు పెద్ద తెర వెనక్కి పిలిచి, "ఆ నవ్వు కోసమే వాళ్లు టిక్కెట్టు కొన్నార్రా. వండినవాడివి నువ్వే తినేస్తే వాళ్లకేం పెడతాం?" అని చీవాట్లు పెట్టాడు. అప్పుడు బిగించిన పెదవులు అలాగే ఉండిపోయాయి. పెళ్లిఫొటోలో కూడా అదే ముఖం. "అబ్బాయికి ఇష్టంలేని పెళ్లేమో" అని ఆడపెళ్లివారు గుసగుసలాడారు. భార్య తుమిరాకు మాత్రం ఆ బెంగ లేదు. "ఆయన సంతోషమంతా చెవుల్లో ఉంటుంది. చెవులు కదిలాయంటే నవ్వినట్టే" అనేది.

ట్రూపు చెదిరిపోయింది. ఉద్యోగమూ అయిపోయింది. ఆయన పెన్షను తీసుకుంటూ, పిట్టల పంజరాలు అల్లుకుంటూ హాయిగా ఉన్నాడు. ఇంతలో పక్క జిల్లాలో ఎవరో చనిపోయిన తండ్రి ఫొటోను ఫోను ముందు పెట్టి ఏడాదిపాటు పెన్షను తిన్నాడని బయటపడింది. దాంతో పెన్షనర్లు బతికే ఉన్నారా అని ఫోనులో చేసే తనిఖీ గట్టిపడింది. ముఖం చూపిస్తే చాలదు, ఫోను చెప్పినట్టు కళ్లార్పాలి, తల తిప్పాలి, నవ్వాలి. ఫొటోలు నవ్వలేవు కదా.

పక్కింటి విజీ తన ఫోను పట్టుకొచ్చి వసారాలో ఆయన ఎదురుగా కూర్చుంది. కళ్లార్పడం అయింది. తల తిప్పడం అయింది. 'నవ్వండి' అంది ఫోను.

"నవ్వండి పాక్" అంది విజీ, పెద్దాయన్ని మర్యాదగా పిలుస్తూ.

"నవ్వుతూనే ఉన్నాను."

"ఎక్కడ?"

"లోపల."

"లోపలిది దీనికి కనబడదు. కాస్త బయటికి తియ్యండి."

తుమిరా ఆయన చెవుల వంక చూసి, "నిజంగానే నవ్వుతున్నారు విజీ" అని సాక్ష్యం చెప్పింది. ఫోను ఒప్పుకోలేదు. 'నవ్వు దొరకలేదు. మళ్లీ ప్రయత్నించండి.' కసియాన్ పెదవుల చివర్లు వేళ్లతో పైకి లాగాడు. 'ముఖం మీద చేతులు తియ్యండి' అంది.

సంగతి తెలిసి వీధి వీధంతా వసారాలో చేరింది. తలా ఒక జోకు చెప్పారు. రిక్షా తొక్కే పైమాన్ చెప్పిన అత్తగారి జోకు విని కసియాన్, "మధ్యలో ఊపిరి తీసుకున్నావు. అందుకే చచ్చింది. ఇలా చెప్పు" అని అదే జోకు తను చెప్పాడు. అందరూ పొట్టలు పట్టుకున్నారు. విజీ పడీ పడీ నవ్వుతుంటే ఫోను చేతిలో అటు తిరిగిపోయి ఆమె నవ్వునే పట్టుకుంది. 'ఈ ముఖం కసియాన్‌ది కాదు' అని ప్రకటించింది.

"ఆ మాత్రం నాకూ తెలుసు" అన్నాడు కసియాన్.

మర్నాడు పొద్దున్నే తుమిరా ఆయన్ని పోస్టాఫీసుకు తీసుకెళ్లింది. అక్కడ పెన్షన్ల పని చూసే యూనియార్ అనే అమ్మాయి ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురుగా ఫోను నిలబెట్టింది.

"కదలకుండా దీన్నే చూడండి పాక్. ఇప్పుడు నవ్వండి."

కసియాన్ దాన్నే చూస్తున్నాడు. పక్క కిటికీ దగ్గర ఇంకో గొడవ నడుస్తోంది. "అంత నవ్వొద్దు పాక్, ముందు నోరు మూసి మామూలుగా చూడాలి" అని అక్కడి గుమాస్తా బతిమాలుతున్నాడు.

"నా వల్ల కాదు బాబూ" అంది ఒక ముసలి గొంతు, సన్నగా, గారాలు పోతూ. "కెమెరా కనిపిస్తే చాలు, నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ముఖం కదలకుండా పెట్టడం మా కసియాన్‌కే చెల్లింది. పోయాడు పాపం. బంగారంలాంటి మనిషి."

కసియాన్ తల తిప్పలేదు. "ఎప్పుడు పోయాను? ఇంట్లో ఎవరూ చెప్పలేదే" అన్నాడు.

లోపలున్న జనం గొల్లుమన్నారు. పక్క స్టూలు మీది మనిషి గిర్రున తిరిగాడు. అతను మర్సాం. పగలు బడిపంతులు, స్టేజీ మీద చీటికీమాటికీ నౌకర్ని తిట్టే యజమానురాలు. లుద్రుక్‌లో ఆడవేషాలు మగవాళ్లవే. ట్రూపు చెదిరాక మర్సాం ఎక్కడో దూరాన బన్యువాంగిలో పెద్దకూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అతను పోయాడని వీళ్లకూ, కసియాన్ పోయాడని అతనికీ ఎవరో చెప్పారు. ఇద్దరూ నమ్మారు.

"చాక్! అన్నా, బతికే ఉన్నావా?"

"అదే తేలడం లేదు. ఈ ఫోను ఒప్పుకోవడం లేదు. నీ సంగతేమిటి? నీ పేరు మీద ప్రార్థన చేయించి వీధంతా బియ్యప్పిండి అపెంలు కూడా పంచాం."

మర్సాం కళ్లు నీళ్లతో నిండాయి. బోసినోరు వణికింది. తర్వాత పాత యజమానురాలి గొంతుతో, "నా అపెంలు ఊరంతా మేసిందా? నాకొక్కటైనా ఉంచావట్రా, దరిద్రుడా!" అని అరిచాడు.

కసియాన్ ఎడమ పెదవి చివర కొద్దిగా లేచింది. తర్వాత కుడివైపు. తుప్పుపట్టిన గడియ కదిలినట్టు మెల్లగా కదిలి, ఒక్కసారిగా పళ్లన్నీ బయటపడ్డాయి. "అటు కాదు, ఇటు, ఇటు చూడండి పాక్!" అంటూ యూనియార్ ఫోను ఎత్తి ఆయన ముఖం ముందు పెట్టింది. టింగుమంది. వరసలో ఉన్న పెద్దవాళ్లందరూ చప్పట్లు కొట్టారు.

తుమిరా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "అంటే పెదవులు పనిచేస్తాయన్నమాట! ఇన్నేళ్లూ నాకు చెవులు చూపించి సరిపెట్టారా, పాక్నే?" అని మొగుణ్ని నిలదీసింది. కోపమో సంబరమో ఆమెకే తెలియలేదు.

మర్సాం పని మాత్రం అంత సులువుగా తేలలేదు. కాసేపు ఏడ్చాడు, కాసేపు నవ్వాడు. ఏదీ ఫోనుకు నచ్చలేదు. చివరికి గుమాస్తా విసుగెత్తి, "భోజనాల వేళయింది, కిటికీ మూసేస్తున్నాం" అన్నాడు. మర్సాం ముఖం పాలిపోయి నోరు మూతపడింది. ఆ క్షణంలో ఫోను అతన్ని గుర్తుపట్టింది.

ఎదురు హోటల్లో ముగ్గురూ అరిటాకులో ఉడికించిన లొంతొంగ్ అన్నం తిన్నారు. మర్సాం ఇప్పుడు క్రియాన్‌లో చిన్నకూతురి దగ్గరే ఉంటున్నాడని, పెన్షను తనిఖీకే ఇక్కడికి వచ్చాడని, బస్సెక్కితే ఎంతోసేపు పట్టదని అక్కడే తెలిసింది. ఆ తర్వాత అతను వారం తప్పకుండా వచ్చేవాడు. మళ్లీ తనిఖీ వచ్చి విజీ ఫోను పట్టుకుంటే, నవ్వు తెప్పించడానికి దాని వెనక కూర్చుని కసియాన్‌ను నోటికొచ్చినట్టు తిట్టేవాడు.

ఆగస్టులో వీధివాళ్లు స్వాతంత్ర్య దినానికి పందిరి వేసి, ఇద్దర్నీ మళ్లీ స్టేజీ ఎక్కించారు. కసియాన్ ముఖం బోర్లించిన పళ్లెంలా ఉంది. మర్సాం తుమిరా పెళ్లినాటి రవిక అరువు తీసుకుని బలవంతాన ఇరికించుకున్నాడు. చెయ్యెత్తి తిట్టబోతుంటే అది చంక దగ్గర పర్రుమని చిరిగింది. "అమ్మగారు కోప్పడితే ఇల్లే పగిలేలా ఉంది" అన్నాడు కసియాన్. జనం లేచి నిలబడి ఈలలు వేశారు. తుమిరా మాత్రం ఆ ఇద్దరితో రెండు రోజులు మాట్లాడలేదు.