మెడలో కార్డు, మండలంలో ఐదు బడులు

నేను ఒకప్పుడు రెండు వారాల పాటు ప్రభుత్వాధికారిగా పనిచేశాను. ఆ ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు, నేను అడగనూ లేదు. చేస్తున్నట్టు నాకే తెలియదు. ఆ రెండు వారాల్లో ఐదు బడులను పరుగులు పెట్టించి, చివరికి నా కూతురికే బడి లేకుండా చేసుకోబోయాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు మా స్నేహ ఒకటో తరగతికి వచ్చింది. మా ఆవిడ రూత్ గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రిలో నర్సు. చిన్నప్పుడు తాను సర్కారు బడిలోనే చదువుకుంది. అందుకని ఒకే మాటలో తేల్చేసింది.

"సందు చివర బడి ఉందిగదండీ. పిల్ల నడిచి వెళ్తుంది. నా డ్యూటీకీ వీలుగా ఉంటుంది. చేర్పించేద్దాం."

"డేటా లేకుండా ఎలా చేర్పిస్తాం?" అన్నాను.

నా ఉద్యోగమే అది మరి. అంకెలు పోల్చి నివేదికలు రాస్తాను. ఇంట్లోకి కుక్కరు కొనాలన్నా పదకొండు కుక్కర్లకు టేబుల్ గీశాను. అది పూర్తయ్యేసరికి నచ్చిన కుక్కరు దొరక్కుండా పోయింది, మేం వారం రోజులు కర్రీ పాయింటు కూరలు తిన్నాం. అంతటి అనుభవం తర్వాత కూడా బుద్ధి రాలేదంటే, అది బుద్ధి తప్పు కాదు, నాదే.

మండలంలో మాకు అందుబాటులో ఉన్న ప్రాథమిక పాఠశాలలు ఐదు. ఫ్యాన్లు, నల్లాలు, మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం, క్రమశిక్షణ, బోధన సామగ్రి అంటూ ఇరవై కాలమ్‌లు. మొత్తం నూరు మార్కులు. మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దున్నే ఆఫీసుకు తయారై, చేతిలో ట్యాబ్ పట్టుకొని, దారిలో బడి చూసి వెళ్ళడం నా పథకం. ఆఫీసు ఐడీ కార్డు ఎలాగూ మెడలోనే ఉంటుంది. మా ఐటీవాళ్ళం స్నానానికి తప్ప దాన్ని తీయం.

మొదట సందు చివరి బడికే వెళ్ళాను. రూత్ డ్యూటీలో ఉంది, అందుకని స్నేహను వెంట తీసుకెళ్ళాను. బడంతా సంతలా ఉంది. యాదమ్మ టీచర్ కింద చాప మీద కూర్చుంటే చుట్టూ పిల్లలు గ్లోబు కోసం కొట్లాడుతున్నారు. మా పిల్ల చెప్పులు విడిచి ఆ గుంపులో కలిసిపోయింది. నేను క్రమశిక్షణ దగ్గర సున్నా వేసి, తల పైకెత్తి ఫ్యాన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

టీచర్ గబుక్కున లేచింది. నా మెడలో కార్డు చూసింది, చేతిలో ట్యాబ్ చూసింది.

"నమస్తే సార్. తనిఖీకి వచ్చిన్రా?"

"అబ్బే, తనిఖీ ఏమీ లేదండీ. ఊరికే చూసి పోదామని."

తనిఖీకి వచ్చే అధికారులందరూ సరిగ్గా ఇదే మాట అంటారని నాకు తర్వాత తెలిసింది. ఆమె కుర్చీ తుడిపించింది, చాయ్ తెప్పించింది. సర్కారు బడిలో తల్లిదండ్రులకు ఇంత మర్యాద ఉంటుందా అని పొంగిపోయి, మర్యాద అని ఇంకో కాలమ్ చేర్చాను. అయినా ఆ బడికి నలభై ఒకటి దాటలేదు.

రెండో బడికి వెళ్ళేసరికి వాకిట్లో నీళ్ళు చల్లి ఉన్నాయి. పిల్లలందరూ ఒక్క గొంతుతో "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు. బల్ల మీద గ్లోబు. యాభై ఎనిమిది. మూడో బడిలో నేను అడక్కుండానే పదమూడో ఎక్కం అప్పజెప్పారు. బల్ల మీద గ్లోబు. అరవై ఏడు. నాలుగో బడిలో నేను వెళ్ళేసరికి ప్లంబర్ నల్లా బిగించి చెమట తుడుచుకుంటున్నాడు. బల్ల మీద గ్లోబు. డెబ్బై తొమ్మిది. ఐదో బడిలో కొబ్బరి బొండాం ఇచ్చారు. తొంభై మూడు!

ప్రతి గ్లోబు మీదా మన దేశం దగ్గర ఒక పసుపు నక్షత్రం అతికించి ఉంది. హైదరాబాద్ ఎక్కడుందో పిల్లలకు తెలియాలని పైవాళ్ళే అతికించి పంపుతున్నారు కాబోలనుకున్నాను. ఎంత ముందుచూపు అని బోధన సామగ్రికి రెండు మార్కులు అదనంగా కూడా వేశాను.

ఈలోగా పక్కింటి పిల్లలు బడికి పోతుంటే స్నేహ గేటు పట్టుకొని చూస్తుండేది. "నాన్నా, నా బడి ఎప్పుడు?" అని రోజూ అడిగేది. "లెక్క అయిపోవచ్చింది తల్లీ" అనేవాణ్ణి. రూత్ మాత్రం ఏమీ అనేది కాదు. ఆ మౌనం చూసి నాకు అనుమానం రావాల్సింది.

చివరికి ఒక గురువారం పిల్లను వెంటబెట్టుకొని, కాగితాలు పట్టుకొని తొంభై మూడు మార్కుల బడికి వెళ్ళాను. పెద్దసారు ఎదురొచ్చారు.

"రండి సార్. మల్ల వచ్చిన్రు, ఏమన్న లోటు కనిపించిందా?"

"లేదండీ. మా పాపను మీ బడిలో చేర్పిద్దామని."

ఆయన నా కార్డును మొదటిసారి దగ్గరగా చదివారు.

"సార్... మీరు విద్యాశాఖ కాదా?"

"కాదండీ. సాఫ్ట్‌వేర్."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. సరిగ్గా అప్పుడే స్నేహ బల్ల దగ్గరికి పరిగెత్తి అరిచింది. "నాన్నా, నా స్టార్! ఆ రోజు యాదమ్మ టీచర్ గ్లోబు మీద నేనే అతికించా!"

పెద్దసారు తల గోక్కున్నారు. "ఏం చెప్పాలె సార్. కార్డేసుకున్న సారు తిరుగుతున్నడని మా టీచర్ల వాట్సాప్ గ్రూపుల మెసేజ్ వచ్చింది. ఆ గ్లోబును ఆటోల బడి నుంచి బడికి తిప్పినం. రేపు వాపస్ పంపాలె."

నేను పోల్చింది ఐదు బడులను కాదు. ఎవరికి ఎన్ని రోజుల ముందు కబురు అందిందో ఆ వరసలో మార్కులు వేశాను, అంతే. ఏ కబురూ లేకుండా దొరికిపోయిన ఒకే ఒక్క బడికి నలభై ఒకటి.

"సరే, సీటు?" అన్నాను నీరసంగా.

"ఒకటో తరగతి నిండింది సార్. మొన్ననే బోర్డు పెట్టినం."

ఆయన చేతనే మిగతా వాళ్ళకు ఫోన్ చేయించాను. రెండు, మూడు, నాలుగు, అన్నిటా అదే జవాబు. పిల్లను ఎత్తుకొని మా సందు చివరికి పరిగెత్తాను. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టని సామెత. నేను చంకలో పిల్లతో ఊరంతా బడి వెతికి, మళ్ళీ మా సందుకే వచ్చాను. గేటుకు అక్కడా బోర్డు ఉంది, 'ఖాళీలు లేవు' అని. నా టేబుల్ కోసం నా బిడ్డ గేటు పట్టుకొని నిలబడిపోయిందే అని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

యాదమ్మ టీచర్ హాజరు పట్టీతో బయటికి వచ్చింది.

"వచ్చిన్రా సార్! ఎన్ని దినాలాయె, స్నేహను పంపరేంది?"

"సీట్లు లేవుగా అమ్మా?"

"పాప పేరు ఎప్పుడో ఎక్కింది. మీరు వచ్చి పోయిన తెల్లారే మీ ఇంటి మేడం కాగితాలిచ్చి పోయింది."

నేను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. "అంటే, నేను అధికారిని కానని మీకు తెల్లారే తెలుసు. మరి మిగతా బడులకు చెప్పలేదా?"

"ఎందుకు చెప్త సార్? మీరు వస్తున్నరంటే బడులన్ని అద్దంలెక్క అయితున్నయి. నాలుగో బడిల నల్లా రెండేండ్ల సంది కారుతుండె, మీ పుణ్యాన ఆగింది. మల్ల ఎందుకు చెడగొట్టాలె అని ఊకున్న."

స్నేహ అప్పటికే చెప్పులు విడిచి చాప మీద కూర్చుంది.

సాయంత్రం రూత్‌ను నిలదీశాను, అంటే కొంచెం దూరంగా నిలబడి అడిగాను. "నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఇంకో కాలమ్ పెడతారండీ. సోమవారం దాకా చూసి, నేనే పంపించేద్దామనుకున్నా."

"మరి నన్ను రెండు వారాలు తిరగనిచ్చావే?"

"ఇంట్లో ఉంటే వాషింగ్ మెషీన్లు పోలుస్తానన్నారుగా!"

మర్నాడు గ్లోబు ఆటోలో తన సొంత బడికి చేరింది. ఆ పసుపు నక్షత్రం మీద చెయ్యి వేసి, యాదమ్మ టీచర్ సాక్షిగా నేను ప్రమాణం చేశాను. ఈ భూగోళం తిరుగుతున్నంత కాలం మెడలో కార్డుతో ఏ బడి గడపా తొక్కను. ఇక దేనికైనా సరే టేబుల్ గీసే ముందు, ఆ పని రూత్ నిన్ననే చేసేసిందేమో అడిగి తెలుసుకుంటాను.