కొళాయి దగ్గరి రాళ్ల వరుస

"రెండు దినాలుంటే ఆ ఊరిదానివైపోతావా?" అన్నాను నేను.

"అయిపోవాలని కాదు జేజీ, ఆ ఊరోళ్ల మాదిరి ఉండి చూడాలని. పార్కులూ ప్యాలెస్సులూ నాకొద్దు. మానస రూములో పండుకొని, వాళ్లు తినేకాడ తిని, వాళ్లెక్కే బస్సెక్కి తిరిగితే గదా నేనాడ సదవగలనో లేదో తెలిసేది?"

"తెలిసేదేముంది? మనలాంటోళ్లను పట్నాలు నిలబెట్టుకోవు."

"నువ్వెప్పుడు పోయి చూసినావు?"

"నీకంటే చిన్నప్పుడే పోయినా. ప్రొద్దుటూర్లో చేరి సదువుకుందామని పోతే రెండో దినమే మా చిన్నమ్మ నన్ను బస్సెక్కించి తరిమింది. సొంత చిన్నమ్మే తరిమితే, ఆ మానస ఎవురు నీకు?"

ఈ అడిగేది మా మనవరాలు శ్రావణి. ఇంటర్ అయిపోయి బెంగుళూరు కాలేజీలో సీటొచ్చిన పిల్ల. చేరేదీ లేనిదీ సోమవారంలోగా చెప్పాలి. మీ జేజి ఊ అంటేనే అని వాళ్ల నాయన తేల్చేశాడు. శనాదివారాలు ఆ స్నేహితురాలి దగ్గర ఉండి చూసొస్తానని పిల్ల శుక్రవారం సాయంత్రమే సంచి సర్దుకుంది. నా మాట విన్నాక మంచం మీద కూర్చొని, సర్దిన బట్టలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ సమయానికే మిద్దె మీద ట్యాంకు నిండి నీళ్లు పొర్లి, పగలంతా ఎండకు కాగిన నాపబండల మీద పడ్డాయి. మోటారు ఆపమని కేకేస్తూ బయటికొచ్చాను. ఒక్క చుక్క వృథా అయినా నాకు ప్రాణం ఒప్పదు. తడిసిన నాపబండ వాసన ముక్కుకు తగిలి, అరవై ఏళ్ల కిందటి ప్రొద్దుటూరు వీధి, ఆ వీధి మొదట్లోని కొళాయి, కొళాయి కిందున్న పెద్ద నాపబండ నా ముందుకొచ్చి నిలబడ్డాయి. మోటారు ఆపినా ఆ వాసన పోలేదు.

మాది జమ్మలమడుగుకు అవతల పెన్న ఒడ్డున ఒక పల్లె. గొర్రెల ఇల్లు. వానాకాలం వచ్చిందంటే తడిసిన కంబళ్ల వాసన, ఎండాకాలం వస్తే పెన్నలో చెలమ తోడి గిన్నెతో ముంచుకున్న నీళ్ల చల్లదనం, తెల్లవారుజామున మా అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు, తల్లి కోసం అరిచే పాలపిల్లల గోల, పండగ నాడు కొర్రన్నం మీద బెల్లం పాకమూ నెయ్యీ, ఇవే నాకు తెలిసిన లోకం. బడి నాలుగో తరగతితో ఆగిపోయింది, పై తరగతులు మా ఊళ్లో లేవు. ప్రొద్దుటూరులో ఉన్న మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, పిల్లను తన దగ్గర పెట్టుకొని చదివిస్తానని కబురు పంపింది. మా నాయనకు ఇష్టం లేదు. చివరికి ఒక మాటకొచ్చాడు.

"శనాదివారాలు రెండు దినాలు ఉండు. ఆ ఊరోళ్ల మాదిరి మసులుకుంటే సోమారం మీ చిన్నాయన బళ్లో చేరుస్తాడు. లేదంటే వచ్చి గొర్రెపిల్లలను చూసుకో."

చిన్నాయన దూది మిల్లులో పని చేసేవాడు. ఆయన చొక్కా మీద, కనుబొమల మీద, ఇంటి గడప సందుల్లో కూడా తెల్లటి దూది పీచు అంటుకొని ఉండేది. శనివారం బస్సు దిగినప్పటి నుంచి నాకు కళ్లు చాలలేదు. వరసగా బంగారు అంగళ్లు, వాటి ముందు మెట్ల మీద తెల్లపంచెల పెద్దమనుషులు, మగ్గాల టకటక, పెనం మీద ఎర్రకారం పూసి పప్పులపొడి చల్లిన దోశ వాసన, మైకు కట్టుకొని సినిమా పేరు అరుస్తూ పోయే బండి, దాని వెనక కాగితాల కోసం పరిగెత్తే పిల్లలు. నేను పరిగెత్తలేదు. ఆ ఊరి పిల్ల మాదిరి ఉండాలి కదా, ఇవన్నీ రోజూ చూసేదాని మాదిరి మొహం పెట్టుకొని నడిచాను. చిన్నమ్మ నాకు రెండు జడలేసి రిబ్బన్లు కట్టింది. వీధి ఆడపిల్లలతో తొక్కుడుబిళ్ల ఆడాను. వాళ్ల గీతలు వేరే, లెక్కలు వేరే. ఓడిపోయినా తెలిసినట్టే తలూపాను. ఒక్క గొంతే దాచుకోలేకపోయాను.

"మెల్లగా మాట్లాడు మే," అని చిన్నమ్మ నవ్వింది. "ఈడ గొర్రెల్లేవు అదిలించేకి."

పక్కింటామె మాబున్ని గోడ మీద నుంచి తొంగి చూసి, "ఉండనీలే అక్కా, పాలాయన కూడా దీని గొంతుకే లేసొస్తాడు," అంది. చిన్నమ్మ అత్త మాత్రం నవ్వలేదు. ఆమె నా మడమల పగుళ్లను చూస్తూ కూర్చుంది.

ఆదివారం తొలికోడి కూసేసరికే మెలకువొచ్చింది. మా పల్లెలో ముందు లేచి వాకిలి ఊడ్చిన ఆడపిల్లదే మంచి పేరు. ఇక్కడ అందరూ ఇంకా నిద్రపోతున్నారు. నా పనితనం చూపిద్దామని చీపురందుకొని మా వాకిలి ఊడ్చాను. అది అయిపోయాక కొళాయి వైపు చూశాను. నాపబండ మొదలుకొని నాలుగిళ్ల దాకా ఏవేవో పడి ఉన్నాయి: రాళ్లు, పగిలిన కుండమూతి, టెంకాయ చిప్ప, ఒంటి చెప్పు, తుప్పు పట్టిన డబ్బామూత. పట్నమోళ్లకు ఎంత బద్ధకమో అనుకున్నాను. అన్నీ ఊడ్చి ఎత్తి మురిక్కాలవలో వేశాను. ఆవుపేడ వెతికి తెచ్చి కళ్లాపి చల్లాను. కొళాయి ముందర పెద్ద ముగ్గు పెట్టి, చీపురు పట్టుకొని, చూసి మెచ్చుకునేవాళ్ల కోసం నిలబడ్డాను.

ఆ వీధికి రెండు దినాలకొకసారి గంటసేపే నీళ్లు వచ్చేవి. ముందురోజు సాయంత్రమే ఇంటికొక గుర్తు పెట్టి వరస కట్టుకునేవాళ్లు. ఆ రాయి ఒక మనిషి. ఆ చిప్ప ఒక ఇల్లు. మా ఊళ్లో బావి దగ్గర ముందొచ్చిన వాళ్లు ముందు చేదుకుంటారు, మనిషికి బదులుగా రాయి నిలబడడం నేనెక్కడా చూడలేదు. చెత్త అంత తిన్నగా వరసలో ఎందుకు పడి ఉంటుందని ఆలోచించి ఉండవలసింది. ఆలోచించలేదు.

బిందెలతో ఆడవాళ్లొచ్చారు.

"నా చిప్ప యాడ?"

"నాది మూడో రాయి!"

"మూడోది మాది గదమ్మా, రాత్రి నా చేత్తో పెట్టినా."

"వరసెవురు చెరిపింది?"

"నేనే ఊడ్చినా!" అన్నాను నేను, మెచ్చుకుంటారని, గొర్రెల్ని పిలిచే గొంతుతో.

ఆడవాళ్లు నా చేతిలోని చీపురునూ, నా ముగ్గునూ చూశారు. ఆ తర్వాత ఎవరో పకపకా నవ్వారు. "గొర్రెలదొడ్డి ఊడ్చినట్టు ఊడ్చింది సూడు!" ఇంతలో కొళాయి బుసకొట్టి నీళ్లొచ్చాయి. వరస లేదు కాబట్టి బలమున్నవాళ్లు ముందుకు తోసుకున్నారు. బిందెలు గుద్దుకున్నాయి, జుట్లు పట్టుకున్నారు, నా ముగ్గు కాళ్ల కింద బురదైపోయింది. గంట గడిచి కొళాయి ఆగేసరికి సగం వీధికి బిందె నిండలేదు. పురిటికొచ్చిన కూతుర్ని ఇంట్లో పెట్టుకున్న మాబున్ని ఖాళీ బిందె చంకన పెట్టుకొని ఒక్క మాటా అనకుండా వెనక్కి పోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

చిన్నమ్మకు రెండు బిందెలు దొరికాయి. ఆ రెండూ ఎత్తుకెళ్లి మాబున్ని ఇంట్లో పోసి వచ్చింది. ఆమె అత్త గడప మీద కూర్చొని, "మందను తోలుకొచ్చి నట్టింట్లో కట్టుకున్నావు," అంది. చిన్నమ్మ ఆ మాట పట్టించుకోకుండా నా ముందు కూర్చుంది.

"తెలీక చేసినా అని ఇంటింటికీ పోయి చెప్పిరా. నేనూ వస్తా నీతో. చెప్తే అయిపోతాది. రేపు బడికి పోవాల గదా."

"నేను పోను."

"ఎవురూ ఏమీ అనరు మే."

"మా ఊరికి పోతా."

"సదువు?"

"పోతా."

ఎన్నిసార్లు అడిగిందో, అన్నిసార్లూ అదే మాట అన్నాను. ఆ నవ్విన ఆడవాళ్ల ముందు నిలబడడం కంటే గొర్రెపిల్లల దగ్గర బతకడమే మేలనిపించింది. మధ్యాహ్నం బస్సుకు చిన్నాయన నన్ను ఎక్కిస్తుంటే చిన్నమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

ఇంటికి రాగానే, "ఏమే, వచ్చేసినావు?" అని మా నాయన అడిగాడు.

"చిన్నమ్మ వద్దనింది," అన్నాను.

ఆ ఒక్క మాటకు మా నాయన చిన్నమ్మ ఇంటి గడప తొక్కడం మానేశాడు, ఆమె కొడుకు పెండ్లికి కూడా పోలేదు. ఆమెతో మాట్లాడకుండానే కన్నుమూశాడు. మా అమ్మా చిన్నమ్మా ఎవరింటి శుభకార్యంలోనో దూరం నుంచి చూసుకోవడమే. నా పెండ్లికి మాత్రం చిన్నమ్మ పిలవకున్నా వచ్చి, తలంబ్రాల పళ్లెం పట్టుకొని నా మొహం చూసింది. నేను తల వంచుకున్నాను, అందరూ సిగ్గనుకున్నారు. ఆమె ఎవరి దగ్గరా నా అబద్ధాన్ని కాదనలేదు. ఆమె కూడా ఇప్పుడు లేదు. మొన్నామధ్య ప్రొద్దుటూరు పోయినప్పుడు ఆ వీధి చూశాను. కొళాయి ఉన్నచోట సెల్లుఫోన్ల అంగడి ఉంది. నాపబండ లేదు. వరస కోసం రాయి పెట్టినవాళ్లు లేరు, అది ఎవరి రాయో గుర్తుపట్టగలిగిన వాళ్లూ లేరు. మాబున్ని ఇల్లేదో తెలుసుకోవాలని రెండుసార్లు అటూ ఇటూ నడిచి తిరిగొచ్చాను.

శుక్రవారం సాయంత్రం మనవరాలి ముందు నా నోటి నుంచి మళ్లీ ఆ మాటే వచ్చింది. అరవై ఏళ్లుగా చెప్పీ చెప్పీ నిజమంత నున్నగా తయారైన మాట.

తెల్లారి లేచి, పిల్ల పక్కన పెట్టిన బట్టలు నేనే మడిచి సంచిలో పెట్టాను. నాలుగు జొన్నరొట్టెలు కాల్చి, చెనిక్కాయ పొడి పాత హార్లిక్సు సీసాలో పోసి, దాన్ని లేపాను.

"వద్దులే జేజీ. నేను పోను," అంది కళ్లు తెరవకుండానే. ఆ గొంతు నేనెరిగిందే.

"లెయ్. సీసా మాత్రం పారెయ్యాకు, తిరిగి తీసకరా."

మేముండేది పులివెందుల్లోనే, బస్టాండుకు నడిచే పోయాం. కదిరి మీదుగా బెంగుళూరు పోయే బస్సు నిలబడి ఉంది. పిల్ల కిటికీ పక్కన సీటు చూసుకొని కూర్చుంది. నేను కింద నిలబడి కిటికీ ఊచ పట్టుకున్నాను.

"మా చిన్నమ్మ నన్ను తరమలే," అన్నాను. "ఉండమని బతిమలాడింది. నేనే వచ్చేసినా."

పిల్ల నా వైపు తిరిగింది. "మల్ల ఆయమ్మ మీద ఎందుకు చెప్పినావు జేజీ?"

కండక్టరు విజిలేశాడు. బస్సు కదిలింది. ఊచ వదిలేసి ఇంటికి నడిచొచ్చాను.